పదో తరగతి బ్యాచ్ ఇన్నేళ్లకు మళ్లీ కలవాలంటే: జాబితా నుంచి మర్నాటి ఫోన్ దాకా

మా పదో తరగతి బ్యాచ్ కలుద్దామని మొదటిసారి అనుకున్నది బడి వదిలిన పదేళ్లకి. కలిసింది ఇరవై తొమ్మిదేళ్లకి. మధ్యలో మూడుసార్లు తేదీ ఖాయం చేసుకున్నాం, మూడుసార్లూ రద్దయింది. ఒకసారి వర్షాలన్నారు, ఒకసారి పిల్లల పరీక్షలన్నారు, మరోసారి కరోనా నిజంగానే అడ్డొచ్చింది. నాలుగోసారి ఆ పని నా మీదా, ఇంకో ఇద్దరి మీదా పడింది. ఈసారి తేదీ మాట ఎత్తకుండా ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశాం. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ అడ్డుపడింది తీరిక లేకపోవడం కాదని. "వస్తాన్రా, కానీ వచ్చి నా గురించి ఏం చెప్పుకోను?" అన్నాడొకడు. మాటలు వేరైనా అదే సంగతి ఇంకో ఐదారుగురి నోట విన్నాను.

అందరిలోనూ ఉన్నది బెరుకు. ఎవరు ఎంత ఎదిగారో కొలుస్తారేమోనని, అప్పటి ముద్దుపేరుతో మళ్లీ గేలి చేస్తారేమోనని, అసలు తనెవరో ఎవరికీ గుర్తుండదేమోనని. ఈ బెరుకు తగ్గించడమే అసలు ఏర్పాటు. హాలు, భోజనాలు, బ్యానరు దాని తర్వాతే. కింద రాసినదంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. మీరు నిర్వాహకులైనా, పిలుపు అందుకుని వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్లైనా మీకు పనికొచ్చేది ఇందులో ఉంటుంది.

1. ముందు జాబితా

బ్యాచ్ అంటే వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లే అనుకుంటే అక్కడే పని చెడుతుంది. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో, వాట్సాప్ 2009లో. అంతకు ముందే బడి వదిలినవాళ్లకి మిగిలిన ఆధారాలు ఇంటి అడ్రసు, ల్యాండ్‌లైన్ నంబరు, ఆటోగ్రాఫ్ పుస్తకంలో రాసుకున్న రెండు ముక్కలు. ఇల్లు మారితే అవీ తెగిపోయాయి. అందుకే ఇప్పుడు గ్రూపులో కనబడనివాళ్లలో చాలామంది దూరంగా ఉండాలని ఉన్నవాళ్లు కారు, ఎవరూ వెతకనివాళ్లు.

గ్రూప్ ఫొటో దొరికితే దాన్నుంచే మొదలుపెట్టండి. మేం ఫొటోని స్కాన్ చేసి, ప్రతి తల మీదా ఒక అంకె వేసి, ఐదుగురం వీడియో కాల్‌లో కూర్చున్నాం. నిలబడ్డ వరుసలో ఎడమ నుంచి నాలుగోవాడు, చొక్కా పైగుండీ కూడా పెట్టుకుని, కళ్లు కొంచెం మూసుకుని ఉన్నాడు. ముఖం అందరికీ తెలుసు. పేరు ఒక్కరికీ రాదు. అరగంట దాటాక ఒకామె, "పరీక్షలప్పుడు అందరి పెన్నుల్లోనూ ఇంకు పోసేది ఇతనే కదా, వేళ్లెప్పుడూ నీలంగా ఉండేవి" అంది. ఆ మాటతో ముగ్గురి నోట ఒకేసారి పేరొచ్చింది. కాబట్టి పేరు రాకపోతే పేరు కోసమే తడుముకోకండి. ఎక్కడ కూర్చునేవాడు, ఎవరితో ఇంటికి వెళ్లేవాడు, ఏ ఆటలో ఉండేవాడు అని అడగండి. పేరు దాని వెనకే వస్తుంది.

ఆ తర్వాత ఫొటో రోజున రానివాళ్లను గుర్తుచేసుకోండి. ప్రతి తరగతిలోనూ కొందరుంటారు. బడి ఆఫీసులో పాత హాజరు పట్టీ చూడనిస్తారేమో అడగండి. టీచర్లకు కొన్ని పేర్లు మనకంటే బాగా గుర్తుంటాయి. తమ్ముళ్లు, చెల్లెళ్లు అదే బడిలో చదివి ఉంటే వాళ్ల బ్యాచ్ గ్రూపు ద్వారా జాడ త్వరగా తెలుస్తుంది. అమ్మాయిల్లో చాలామందికి పెళ్లితో ఇంటిపేరు మారి ఉంటుంది కనుక అప్పటి పేరుతో వెతికితే దొరకరు. అన్నదమ్ముల పేరుతో వెతకండి.

ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మారినవాళ్లు, చదువు ఆపేసినవాళ్లు, పదో తరగతి తప్పినవాళ్లు మీ బ్యాచే. తప్పినవాళ్లు ఏడాది తర్వాత వేరేవాళ్లతో కలిసి పరీక్ష రాసి ఉండొచ్చు. కానీ ఏళ్ల తరబడి కూర్చున్నది మీ పక్కనే. వాళ్లంతట వాళ్లు మాత్రం "నేను ఆ బ్యాచ్ కాదుగా" అని ఆగిపోతారు. మీరే ముందడుగు వేయాలి.

జాబితాలో అప్పటి పేరు, ఇప్పటి పేరు, ఫోన్ నంబరు, అప్పట్లో ఎవరితో స్నేహం, ఎవరు ఫోన్ చేస్తారు అని గడులు పెట్టుకుంటే చాలు. ఈ జాబితా ముగ్గురి దగ్గరే ఉండాలి. ఎవరి నంబరునూ వాళ్లనడక్కుండా గ్రూపులో చేర్చకండి. కొందరికి గతంలోని ఏదో ఒక మనిషి నుంచి దూరంగా ఉండాల్సిన కారణం ఉండొచ్చు. అది మనకు చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. చనిపోయారని విన్నప్పుడు ఇంట్లోవాళ్లతోనో దగ్గరి బంధువుతోనో నిర్ధారించుకున్నాకే రాయండి. మా జాబితాలో బతికున్న మనిషి పేరు పక్కన అలాంటి మాట రెండు వారాలు ఉండిపోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

2. పిలుపు: ఒక్కొక్కరికీ విడిగా

"ఫలానా తేదీన కలుస్తున్నాం, అందరూ రావాలి" అని గ్రూపులో పెట్టిన సందేశం ఎవరికీ పిలుపులా అనిపించదు. అందరినీ అన్నది ఎవరినీ అన్నట్టు కాదు. వెనకబెంచీ మనిషి మళ్లీ వెనకబెంచీలోనే ఉండిపోతాడు. ఒక మనిషి గొంతు తన పేరుతో పిలవాలి.

చాలామందికి ఈ ఫోన్ చేయడమే కష్టం. దాని మీద పరిశోధనలున్నాయి. లారా అక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రోమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, దూరమైన పాత స్నేహితుడితో మాట్లాడాలని ఉండి, నంబరుండి, అవతలివాళ్లు సంతోషిస్తారన్న నమ్మకం కూడా ఉండి, సందేశం రాసి పంపడానికి సమయం ఇచ్చినా నిజంగా పంపినవాళ్లు మూడో వంతు లోపే. పాత స్నేహితుడంటే మనకు కొత్తవాడితో సమానమైన జంకు ఉంటుందట. అదే అధ్యయనంలో ఒక ఉపాయం పనిచేసింది. ముందు మూడు నిమిషాలు ఇప్పటి స్నేహితులకు సందేశాలు పంపించి, ఆ ఊపులో పాత స్నేహితుడికి రాయమంటే సగానికి పైగా పంపారు. నేనూ అలాగే చేశాను. రోజూ మాట్లాడేవాళ్లతో రెండు ఫోన్లు మాట్లాడి, గొంతు తేలికయ్యాక జాబితాలోని నంబరు నొక్కేవాణ్ని. ఇక అవతలివాళ్ల సంగతికొస్తే, పెగ్గీ లియూ బృందం 2022లో ప్రచురించిన పరిశోధనలో ఇలా అనుకోకుండా పలకరిస్తే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో మనం తక్కువ అంచనా వేస్తామని తేలింది. ఎంత ఊహించని పలకరింపైతే అంత సంబరం.

నేరుగా ఫోన్ మోగిస్తే కొందరు తెలియని నంబరని ఎత్తరు. ముందు చిన్న సందేశం పంపండి. నేను పంపినది ఇంచుమించు ఇలా ఉండేది: "నేను ఫలానా. పదో తరగతి బి సెక్షన్, నీ ముందు బెంచీ. జామెట్రీ పరీక్ష రోజు నీ కంపాస్ బాక్స్ నాకిచ్చి నువ్వు స్కేలుతో సరిపెట్టుకున్నావు, అది నాకింకా గుర్తుంది. ఒకసారి మాట్లాడాలనుంది. ఎప్పుడు వీలో చెప్తే అప్పుడే చేస్తాను. వీలుకాకపోయినా ఏమీ అనుకోను." ఇందులో పనిచేసేది మధ్య వాక్యం. ఆ మనిషి మీకు గుర్తున్నాడని రుజువు చూపించే వాక్యం అది. ఎవరికి రాస్తున్నా వాళ్లకే చెందిన ఒక జ్ఞాపకం వెతికి పట్టుకోండి. దొరకకపోతే, దొరికే మనిషి చేత ఫోన్ చేయించండి.

ఫోన్లో మొదటి ప్రశ్న "ఏం చేస్తున్నావు?" కాకూడదు. ఉద్యోగం పోయినవాడికి, పిల్లలు లేనివాళ్లకి, పెళ్లి నిలవనివాళ్లకి ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది. "ఎలా ఉన్నావు, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అనండి. బడి కబుర్లు నాలుగు చెప్పండి. వాళ్లు చెప్పాలనుకుంటే వాళ్లే చెప్తారు. మొదటి ఫోన్లోనే "వస్తావా రావా" అని తేల్చమనకండి. ఇంకో పది రోజులకు మళ్లీ చేస్తానని చెప్పి, చెప్పిన రోజున చేయండి.

రానన్నవాళ్లను బతిమాలడం, "నువ్వు రాకపోతే ఎలారా" అని ఒత్తిడి చేయడం తప్పు. ఒక్కటి మాత్రం అడగండి: "ఎవరికైనా నీ నంబరు ఇమ్మంటావా?" మా బ్యాచ్‌లో ఒకామె రానంది. కానీ ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్లకి మాత్రం నంబరు ఇవ్వమంది. ఆ ముగ్గురూ ఇప్పుడు వారం వారం మాట్లాడుకుంటున్నారు. ఆమెకు కావలసిన కలయిక అదే.

3. బడిలో ఎవరినైనా బాధపెట్టి ఉంటే

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

ప్రతి తరగతిలోనూ రంగుకో, నత్తికో, ఎత్తుకో, ఇంటి పేదరికానికో ఒక పేరు తగిలించి ఏళ్ల తరబడి పిలిచిన మనిషి ఒకరుంటారు. పిలిచినవాళ్లకది సరదా. పిలిపించుకున్నవాళ్లకి బడంటే గుర్తొచ్చేది అదొక్కటే. మా తరగతిలో నత్తి ఉన్న అబ్బాయి పాఠం చదవడానికి లేస్తే నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. కలయికకు రెండు నెలల ముందు అతనికి ఫోన్ చేశాను. "అప్పుడు నేను నవ్వాను. అది తప్పు. నిన్ను బాధపెట్టాను, క్షమించమని అడగడానికి చేశాను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు నవ్వావని నాకు గుర్తు లేదు గానీ, ఎవరో ఒకరు ఈ మాట అంటే బావుండునని చాలా ఏళ్లు అనుకున్నాను" అన్నాడు.

క్షమాపణ ఎలా చెప్పాలంటే, ముందే చెప్పాలి, ఒంటరిగా చెప్పాలి, చేసినదాన్ని చేసినట్టు చెప్పాలి. "అప్పుడు చిన్నపిల్లలం కదా" అన్న ముక్క కలిపితే అది క్షమాపణ కాదు, సమర్థన. నలుగురిలో వేదిక మీద చెప్తే అవతలి మనిషి ఇష్టం లేకపోయినా తలూపాల్సొస్తుంది. ఫోన్ పెట్టేస్తే మళ్లీ చేయకండి. క్షమించాలా వద్దా అన్నది వాళ్ల హక్కు.

నిర్వాహకులుగా ముందే ఒక మాట అందరికీ చేరవేయండి: పాత ముద్దుపేర్లు, ఆ మనిషి తానుగా వాడితే తప్ప ఎవరూ వాడకూడదు. బ్యానర్ మీదా, వీడియోలోనూ, బ్యాడ్జి మీదా అవి కనబడకూడదు.

4. తేదీ, డబ్బు, గ్రూపు

తేదీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అందరికీ వీలైన రోజు ఎప్పటికీ రాదు. నాలుగు నెలల ముందు రెండు తేదీలు మాత్రమే ఇచ్చి, వారంలో ఓటు ముగించి, ఎక్కువమంది ఎంచుకున్నది ఖాయం చేయండి. ఖాయమయ్యాక ఎంత పెద్దవాళ్లు అడిగినా మార్చకండి. మా మూడు రద్దుల్లో రెండు, ఒక్కరి కోసం మార్చబోయి కూలిపోయినవే.

డబ్బు దగ్గర బెరుకు ఎక్కువ. మీ అందరిలో తక్కువ సంపాదన ఉన్న మనిషి ఆలోచించకుండా ఇవ్వగలిగినంతే చందా పెట్టండి. ఏర్పాట్లూ దానికి తగ్గట్టే ఉండాలి. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు కోశాధికారికి మాత్రమే తెలిసేలా ఇవ్వాలి. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టడం, వేదిక మీద చదవడం వద్దు. అలా చదివితే తక్కువిచ్చినవాళ్ల పేర్లు కూడా చదివినట్టే. ఖర్చు లెక్క మాత్రం పైసాతో సహా అందరికీ చూపించండి.

వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా పెట్టుకునే వీలుంది. ఏర్పాట్ల సమాచారానికి అలాంటి గ్రూపొకటి, కబుర్లకు ఇంకొకటి పెట్టండి. కబుర్లు భరించలేక బయటికి వెళ్లిపోయినవాళ్లకి కూడా తేదీ, చోటు అందుతాయి.

5. చోటు, గది అమరిక

కుదిరితే మీ బడిలోనే కలవండి. ఆ వరండా, ఆ బోర్డు, ఆ మెట్లు సగం మాటలు అవే మాట్లాడతాయి. కుదరకపోతే ఎక్కడైనా సరే, నిశ్శబ్దంగా ఉండాలి. పాటలు పెట్టొద్దు. ముప్పై ఏళ్ల తర్వాత మాట్లాడుకునేవాళ్లు చెవిలో అరుచుకోవాల్సొస్తే పది నిమిషాల్లో ఫోన్లు తీస్తారు. మైకు ఒక్క అరగంటకు చాలు. కుర్చీలు వేదిక వైపు వరసలుగా కాకుండా ఐదారుగురు చుట్టూ కూర్చునేలా వేయండి. గోడ వారగా కొన్ని ఖాళీగా వదలండి, కాసేపు ఒంటరిగా కూర్చోవాలనిపించేవాళ్ల కోసం.

మొదటి కలయికకు కుటుంబాలను తీసుకురావద్దని నా సలహా. దీని మీద మా ముగ్గురిలోనే వాదన జరిగింది. భార్యో భర్తో పక్కనుంటే మనిషి ఇప్పటి మనిషిగానే ఉంటాడు. పాత కబుర్లు తెలియనివాళ్లు విసుగెత్తి కూర్చుంటారు, వాళ్లను చూసుకోవడానికే సగం రోజు పోతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లకి, జతను పోగొట్టుకున్నవాళ్లకి ఆ లోటు మరీ కనబడుతుంది. రెండోసారికి అందరూ రావచ్చు. అయితే సాయం లేనిదే కదలలేనివాళ్లు, చంటిబిడ్డ తల్లులు ఉంటే ఈ నియమం వాళ్లకు వర్తించదని ముందే చెప్పండి.

పేరు బ్యాడ్జి తప్పనిసరి. "మనకెందుకు బ్యాడ్జీలు, గుర్తుపట్టలేమా?" అని కొందరంటారు. ముఖాలు గుర్తుపడతారు, నిజమే. హ్యారీ బారిక్, మరో ఇద్దరు పరిశోధకులు 1975లో ప్రచురించిన అధ్యయనంలో 17 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న 392 మంది పూర్వ విద్యార్థులను పరీక్షించారు. బడి వదిలి దాదాపు 35 ఏళ్ల దాకా కూడా సహాధ్యాయుల పాత ఫొటోలను పదింట తొమ్మిది గుర్తుపట్టారు. కానీ ఫొటో చూసి పేరు చెప్పమంటే ఏళ్లు గడిచేకొద్దీ బాగా తడబడ్డారు. అంటే "నీ ముఖం తెలుసు, పేరే..." అని నీళ్లు నమలడం మతిమరుపూ కాదు, అమర్యాదా కాదు. అందరికీ జరిగేదే. ఆ అధ్యయనంలో చూపించింది అప్పటి ముఖాలే, ఇప్పటివి కావు. అందుకే బ్యాడ్జి మీద అప్పటి ఫొటో పెట్టండి. గ్రూప్ ఫొటోలోంచి తల కత్తిరించి, పెద్దది చేసి, కింద రెండడుగుల దూరం నుంచి కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో అప్పటి పేరు. హోదా, డిగ్రీ, ఊరు ఏవీ వద్దు.

6. ఆ రోజు కార్యక్రమం

మొదటి గంటన్నర ఏమీ పెట్టకండి. రావడం, గుర్తుపట్టడం, నవ్వడం, అంతే. గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడి ఉండాలి. వచ్చిన ప్రతి మనిషినీ లోపల ఒకరి దగ్గరికి చేయి పట్టుకుని తీసుకెళ్లి కలపడమే వాళ్ల పని. అప్పట్లో ఎవరితోనూ పెద్దగా స్నేహం లేనివాళ్లను ముందే గుర్తుపెట్టుకోండి. వాళ్లు లోపలికొచ్చి, చుట్టూ చూసి, ఒక మూల నిలబడి ఫోన్ తీసే ఆ రెండు నిమిషాలే వాళ్లకు ఆ రోజంతటినీ నిర్ణయిస్తాయి.

ఒక్కొక్కరూ లేచి పేరు, ఉద్యోగం, పిల్లలు, వాళ్ల చదువులు చెప్పే పరిచయ కార్యక్రమం మాత్రం పెట్టకండి. ఎవరు అవునన్నా కాదన్నా అది పోటీ అయిపోతుంది. మేం దాని బదులు ఇంకొకటి పెట్టాం. ప్రతివాళ్లూ తన గురించి కాకుండా, ఆ గదిలో ఉన్న ఇంకొకరి గురించి ఒక చిన్న జ్ఞాపకం చెప్పాలి. నిమిషం చాలు. ఎవరి గురించి ఎవరు చెప్పాలో ముందే ఫోన్లో అడిగి పెట్టుకున్నాం, ఏ పేరూ మిగిలిపోకుండా. ఇంకు పోసిన అబ్బాయి గురించి చెప్పినప్పుడు అతను తన వేళ్ల వంక చూసుకున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకున్నాడు. తనని ఎవరూ పట్టించుకోలేదని ఇన్నాళ్లూ అనుకున్నాడట.

మాట్లాడలేని, మాట్లాడడం ఇష్టం లేని వాళ్లను బలవంతపెట్టొద్దు.

చనిపోయినవాళ్ల పేర్లు కలయిక మొదట్లో కాదు, ఆఖర్లో కాదు, మధ్యలో చదవండి. మొదట్లో చదివితే రోజంతా బరువెక్కుతుంది, ఆఖర్లో చదివితే ఆ బరువుతో ఇళ్లకు వెళ్తారు. పేరు చదివి, ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్లు ఒక్క మాట చెప్పి, కాసేపు మౌనంగా ఉంటే చాలు. ఎలా పోయారన్న వివరాలు అక్కర్లేదు.

టీచర్లను పిలిస్తే వాళ్ల ఆరోగ్యం చూసి సమయం పెట్టండి. రెండు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి అందరి ఉపన్యాసాలూ వినిపించే కన్నా, ఒక గంట వాళ్లచేత ఒక పాఠం చెప్పించండి. మా తెలుగు మాస్టారు లేవలేకపోతున్నా సుద్దముక్క చేతికివ్వగానే బోర్డు దగ్గరికి నడిచారు.

7. వెళ్తున్నవాళ్ల కోసం

బట్టతల, లావు, నెరిసిన జుట్టు గురించి దిగులుంటే ఒక సంగతి చెప్తాను. 2000లో టామ్ గిలోవిచ్, సహ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో ఒక విద్యార్థికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో సగం మంది దాన్ని గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించినది పావు వంతు. మన మీద మనకున్నంత ధ్యాస ఎవరికీ ఉండదు. కలయికలోనైతే ప్రతి ఒక్కరూ తమ పొట్టను లోపలికి లాక్కునే పనిలో ఉంటారు.

మీ జీవిత చరిత్ర తయారుచేసుకుని వెళ్లకండి. ముగ్గురి పేర్లు అనుకుని, ఒక్కొక్కరి గురించి గుర్తున్నది, అడగాలనుకున్నది మనసులో పెట్టుకుని వెళ్లండి. "ఏం చేస్తున్నారు?" అని మిమ్మల్ని అడిగితే చెప్పాలనిపించినంతే చెప్పండి. "ప్రస్తుతం ఇంట్లోనే ఉంటున్నాను. అది సరే, నీ కబుర్లు చెప్పు" అంటే చాలు, అబద్ధమూ ఆడినట్టు కాదు, గాయమూ విప్పినట్టు కాదు.

ఇక మన భాషలో తప్పని చిక్కు: ఎదుటి మనిషిని ఏమని పిలవాలి? అప్పట్లో "ఒరేయ్" అన్నవాడు ఇప్పుడు పెద్ద హోదాలో ఉంటాడు. "మీరు ఎలా ఉన్నారు" అంటే అతని ముఖం చిన్నబోతుంది, "ఏరా" అంటే మన నోరు రాదు. నా అనుభవంలో అప్పటి పిలుపే సరైనది, అది తిట్టు కానంత వరకు. ఒకతను నన్ను చూసి "నమస్తే అండీ" అన్నాడు. నేను అతని భుజం మీద చెయ్యేసి "ఏంట్రా అండీ?" అన్నాను. ఆ ఒక్క "రా"తో ఇద్దరం తేలికపడ్డాం. అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే గదిలో చదివి కూడా అప్పట్లో మాట్లాడుకోని చోట మాత్రం "మీరు"తో మొదలుపెట్టి, వాళ్లు "నువ్వు" అన్నాక మీరూ మారండి. "ఏమే" అని పిలిచే చనువు ఆమె స్నేహితురాళ్లకే ఉంటుంది, దాన్ని అరువు తెచ్చుకోవద్దు.

పేరు రాకపోతే "నా పేరు గుర్తుందా చెప్పు చూద్దాం" లాంటి పరీక్షలు ఎవరికీ పెట్టకండి. మీ పేరు మీరే ముందు చెప్పండి. వాళ్లూ చెప్తారు.

జ్ఞాపకాలు కలవవు. ఒకే దెబ్బ ఇద్దరం తిన్నామని ఇద్దరికీ గుర్తుంటుంది, ఎవరి వల్ల తిన్నామన్నదే తేడా. సరిదిద్దకండి. "నాకు వేరేలా గుర్తుంది, నీది చెప్పు" అనండి. పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవి మిగతా జీవితం కన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. అందుకే ఆ రోజు చిన్న సంగతి కూడా అంత గాఢంగా పైకొస్తుంది. ఎవరైనా ఉన్నట్టుండి ఏడిస్తే పక్కన కూర్చోండి. ఫొటో తీయకండి. అసలు ఏ ఫొటో అయినా బయట పెట్టే ముందు అందులో ఉన్నవాళ్లనడగండి.

అప్పటి ఇష్టం ఒకటి మనసులో మిగిలి ఉంటే, ఆ మనిషి ఇప్పటి జీవితాన్ని గౌరవిస్తూ నలుగురి మధ్యే మాట్లాడి రండి.

8. మర్నాటి నుంచి

చాలా బ్యాచ్‌లు ఇక్కడే జారిపోతాయి. ఆ రాత్రి రెండొందల ఫొటోలు వస్తాయి, వారం తర్వాత గుడ్ మార్నింగ్ బొమ్మలు, నెల తర్వాత రాజకీయాలు, ఆ తర్వాత ఒక గొడవ. రాజకీయాలు, మతం, ఫార్వర్డ్‌లు, వ్యాపారం, అప్పు అడగడం గ్రూపులో వద్దని కలిసిన రోజే అనుకోండి. పుట్టినరోజులు, సాయం కావాలన్న మాటలు, పాత ఫొటోలు ఉంటే సరిపోతుంది.

జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో వేసిన అంచనా ప్రకారం పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు, స్నేహితులు కావడానికి 90, ఆప్తులు కావడానికి 200 పైన. అది కొత్త పరిచయాల లెక్క. మనకు బడిలో గడిపిన వేల గంటలున్నాయి, కానీ అవి అప్పటి ఇద్దరు పిల్లలవి. ఇప్పటి ఇద్దరు పెద్దవాళ్లకి ఆ ఒక్క రోజు ఆరేడు గంటలే. అందుకని అరవై మందితోనూ స్నేహం నిలబెట్టుకోవాలని చూడకండి. ఇద్దరినో ముగ్గురినో ఎంచుకోండి. వారంలోపు ఫోన్ చేయండి, ఆ రోజు చెప్పుకోబోయి మధ్యలో ఆగిన మాట ఒకటి ఉంటుంది, దాన్నుంచే అందుకోండి. నెలకొకసారి మాట్లాడేలా ఒక రోజు పెట్టుకోండి.

నిర్వాహకుల పని ఇంకొకటి మిగిలే ఉంటుంది. రానివాళ్ల జాబితా తీయండి. ఆ గదిలో వాళ్ల గురించి ఎవరు ఏమన్నారో గుర్తుంచుకుని, ఫోన్ చేసి చెప్పండి. ఎందుకు రాలేదని అడగకండి. నేను అలా చేసిన మొదటి ఫోన్ "వచ్చి ఏం చెప్పుకోను" అన్నవాడికే. గోలీలాటలో గెలిచినవన్నీ ఇంటికెళ్లేటప్పుడు ఓడినవాళ్లకి తిరిగిచ్చేసేవాడని ఒకామె అతని గురించి చెప్పిందని చెప్పాను. ఆమెతో అతను బడిలో ఒక్కసారీ మాట్లాడలేదు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఆ అమ్మాయికెలా తెలుసురా?" అని అడిగాడు. ఆమె నంబరు ఇవ్వొచ్చో లేదో ముందు ఆమెను అడిగి చెప్తానన్నాను.